వెనక సీటు లేని కారు

ప్రొద్దుటూరులో బస్సెక్కిన తల్లీ కొడుకులు నా ముందు సీట్లో కూర్చున్నారు. కొడుకు జమ్మలమడుగులో, తాను 'అన్న' అని పిలిచే పార్టీ నాయకుడి ఇంటి దగ్గర దిగాలి, తల్లి మైలవరం పోవాలి.

"అన్న కూపే కారు కొన్నాడు మా. రెండే తలుపులు, రెండే సీట్లు."

"కూపే అంటే ఏందో తెలుసునా ఆ మారాజుకు?"

"కారు పేరు. అంతే."

"ఫ్రెంచి మాటరా. కోసింది అని అర్థం. పాతకాలంలో గుర్రపు బండిలో ఒక వరస సీటు కోసేసి ఇద్దరికే చాలేట్టు చేసినారంట. పేపర్లో చదివినా."

"ఆ ఇద్దర్లో నేనొకణ్ణి. రేపు పులివెందుల సభకు పక్కన కూర్చోమన్నాడు."

"మీ నాయన్ను గూడా జీపులో తలుపు పక్కనే కూర్చోబెట్టినాడు. బాంబు మీ నాయన మీద పడె. నడిమధ్య కూర్చున్న మారాజుకు చొక్కా గూడా నలగలా."

"అది పాత కత మా."

"అప్పుడు చుట్టూ మనుషులుండ్రి. ఇప్పుడు ఎనక సీటే లేదు. అడ్డానికి నువ్వొక్కడివే. ఆ సీట్లో ఆయన కొడుకును కూర్చోబెట్టుకోమను."

"ఆయన కొడుకు బెంగుళూరులో సదువుతాండాడు గదా!"

"ఊఁ. వాళ్ల బిడ్డ బెంగుళూరులో, నా బిడ్డ తలుపు పక్కన."

కండక్టరు దిగేవాళ్లను తలుపు దగ్గరికి రమ్మని కేకేశాడు.

"జమ్మలమడుగొచ్చింది. దిగుతావా నాయనా?"

"నాక్కూడా మైలవరానికే టికెట్టు తీసుకో మా."