రత్నాకర్ సారు పోసిన చాయ్

హలో… ఆ, నేనే, అమ్మను. ముందుగాల ఇది చెప్పు నవనీతా, నీకేం గాలేదు గదా?… కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయా?… సరే.

భయపడకుంట ఎట్లుంటనే? మాణికేశ్వర్ నగర్ల మనింటి ముంగట బండి ఆగింది. ‘నవనీత వాళ్లమ్మవేనా, క్యాంపస్‌కు రావాలె, ఎక్కు’ అన్నడు అండ్ల ఉన్నోడు. ఇగ నువ్వు లేవనుకున్న. ఏడ్పు గూడ రాలే. తలుపుకు తాళమేసిన్నో లేదో.

గీడనే… మీ హాస్టల్ మెస్ ఆఫీసుల. మీ కాంట్రాక్టర్ మనిషి లేడా, రత్నాకర్ సారు, ఆయన రూముల.… ఒర్రకు. సారు పక్కనే ఉన్నడు. కుర్సీ ఏసిండు. ‘రాహేలమ్మా, చాయ్ తాగు’ అంటున్నడు.

నువ్వేడున్నవ్?… తార్నాకల?… వకీలు దగ్గరనా! ప్రభువా, కోర్టు దాక పోయిందా?… ఊకనే అడుగనీకి పోయిన్రా. నీతోని మెస్సుల చేసే రజిని గూడ ఉన్నదా.

ఇను. కొత్త కాయితం మీద సంతకం పెట్టాలెనట. సెలవులల్ల పనుండదట, జీతముండదట. ఏడికి పంపితే ఆడికి పోవాలెనట. పెట్టకుంటే రేపటి సంది గేటు లోపలికి రానియ్యరట.… పెట్టరాదు బిడ్డా. ఉన్న పని గూడ పోతే—

ఏంది?… ఆగు. సారుకు ఫోనొచ్చింది, బయటికి పోయిండు. ఇప్పుడు చెప్పు.

ఆ… పాత కాయితం నువ్వు, కాంట్రాక్టర్ ఇద్దరు ఒప్పుకొని రాసుకున్నది, ఒక్కరే మార్చరాదా?… కొత్తది నువ్వు సంతకం పెడితెనే చెల్లుతదా?… మరి గేటు కాడ ఆపితే?… కేసేస్తనన్నడా వకీలు.… ఆ.

రజిని అత్తను గూడ పిలిచిన్రా? నిన్ననా?… ఆమెకు గూడ కుర్సీ ఏసిన్రా?

…

గందుకేనా నాకు చాయ్ పోసిన్రు.

ఏమో బిడ్డా. చేతుల గిలాస ఉన్నది. వేడిగున్నదో సల్లగయ్యిందో తెలుస్తలేదు.… లే, తాగలే.

నేనేమనాలె?… ఏమనకుంట లేచొస్త.… ఊకుంటే ఏమైతది?… ‘వాళ్లమ్మ ఒప్పుకున్నది’ అని నీ మీదికొస్తరా?… రజిని అత్త గట్లనే ఊకున్నదా. ఇంట్ల ఆమెనే రజినిని పెట్టు పెట్టు అంటున్నదా.… గట్లనా.

వస్తున్నడు. ఫోన్ కట్ చెయ్యకు. బల్ల మీద పెడుతున్న, నువ్వు ఇంటుండు.

—

ఆ సారూ… మాట్లాడిన.

…

…

…

లే సారూ. మా నవనీత ఒప్పుకుంటలేదు. నేను ఒప్పియ్య.

…

ఈ గిలాస ఏడ పెట్టాలె?