మా ఊరి నాలుగు వేల ఓట్లు

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీ అందరికీ తెలుసు," అన్నాడు బకోరోబా, టీ చుట్టూ చేరినవాళ్ళని చూస్తూ. "పోయినసారి పోలింగు పల్చగా ఉందని, ఈసారీ అంతే అయితే నన్ను పీకేసి ఈ ఫాతోమాని పార్టీ సెక్రటరీ చేస్తానన్నాడు కదా మన జిల్లాని ఏలే కమాండెంటు? సరే. ఉన్నది ఒక్క పార్టీ, నిలబడ్డది ఒక్కడు. ఆకుపచ్చ చీటీ అంటే అవును, ఎర్ర చీటీ అంటే కాదు. ఆ ఎర్ర చీటీల మీద నేను కూర్చున్నాను. మధ్యాహ్నం లోపలే ఊరంతా ఓటేసింది. ఇంతవరకూ మీరూ చూశారు."

"నువ్వు కూర్చోవడం చూశాం," అన్నాడు ఫాతోమా, కెటిల్ పైకెత్తి నురగ వచ్చేలా టీ పోస్తూ.

"ఆగు బావా! బొబ్బర్లు మెక్కే వంశం మీది, నీకు తిండి తప్ప ఏం కనబడుతుంది? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏటి అవతల పశువుల కాపర్లు పడవ లేక కేకలేస్తున్నారు. నేను ఒడ్డుకెళ్ళి పార్టీ కార్డు ఇలా పైకెత్తాను. అంతే, నీటిగుర్రాలు వరసగా వీపులు ఆనించి నిలబడ్డాయి. వాటి మీద నడిచొచ్చేశారు, ఆవులతో సహా."

"ఆవులూ ఓటేశాయా?"

"వయసు అడక్కుండా వేయనిస్తానా? ఇంతలో శ్మశానం వైపు దుమ్ము లేచింది. పోయినవాళ్ళంతా తెల్లబట్టల్లో వస్తున్నారు! మా తాత ముందు, ఆయన తాత ఇంకా ముందు, చచ్చినా వరస తప్పలేదు. అక్కడే ఉన్న ఒక నిండుచూలాలు చీటీ పట్టుకుందో లేదో, కడుపులోంచి 'నాదీ ఆకుపచ్చే' అని కేక! ఆ కేకకి పెట్టె మూత ఎగిరిపోయింది. మొత్తం నాలుగు వేల ఓట్లు. కమాండెంటుకి అదే రాసిచ్చాను, నిన్న రేడియోలో అదే చదివారు. ఇక నా కుర్చీని ఎవడు కదుపుతాడు?"

మహిళా విభాగం పెద్ద నియేలే అప్పుడే కమాండెంటు ఆఫీసు నుంచి వచ్చి, నిలబడి వింటోంది.

"నీ కుర్చీకేం ఢోకా లేదు తమ్ముడూ. రేడియో విని రాజధానిలో ప్రెసిడెంటుగారు మురిసిపోయారట. గురువారం మన రోడ్డు మీదుగా వెళ్తూ ఆ నాలుగు వేలమందినీ చూస్తారట. అందరూ రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలి. తగ్గితే సెక్రటరీని లోపలేస్తారట."

బకోరోబా గొంతు తగ్గింది. "అక్కా, పిల్లాజెల్లా కలిపినా మనం మూడొందల పదిమందిమి."

"దారంతా అదే ఆలోచిస్తూ వచ్చాను. కారు దాటగానే జొన్నచేల వెనక నుంచి ముందుకి పరిగెత్తాలి, మళ్ళీ చప్పట్లు కొట్టాలి. అలా పదమూడుసార్లు. ఆడవాళ్ళం మేం ఎలాగో పరిగెడతాం. నీ బొజ్జ సంగతే నాకు బెంగ."

ఫాతోమా గ్లాసు అందించాడు. బకోరోబా పుచ్చుకోలేదు. వంగి, చెప్పులు విడిచి, రోడ్డు ఎంత పొడుగుందో చూస్తున్నాడు.