నీళ్లకి దిగిన అప్ప

అసిరమ్మని ఒక మనిసి ఉండేదంట మన టౌను టేసన్లో. టేసనంటే ఎంత టేసనూ, ఎక్స్‌ప్రెస్సు రెండు నిమసాలు ఆగుతాది, పాసింజరు ఐదు నిమసాలు. ఒక పంపు, నాలుగు సిమెంటు బల్లలు, అంతే. ఆ పంపుకాడ కూకుని ఎండాకాలం పనస తొనలు, సలికాలం తేగలు అమ్ముకునీది. బండాగితే సాలు, బుట్ట నెత్తికెత్తుకుని కిటికీ కిటికీకీ తిరిగీది. ఆ కిటికీల్లో ఒక్కొక్కలు ఒక్కొక్క మాట అనీవోరు. ఒకాయన "ఈ టేసన్లో ఏటుంది, కుక్కలూ సేపల బుట్టలూ తప్ప" అని ముక్కు మూసుకునీవోడంట. ఇంకొకావిడ "ఈ పంపు నీళ్లు కొబ్బరి నీళ్లేనమ్మా" అని రెండు సీసాలు నింపుకునీది. మిలట్రీ కుర్రోడొకడు "పనస వాసన తగిలిందంటే ఇంటికొచ్చీసినట్టే" అని కళ్లనీళ్లెట్టుకున్నాడంట. రెండు నిమసాల్లో ఎవుడికి కావలసింది ఆడు సూస్తాడు, అనుకో. అందరి మాటా ఇని నవ్వీసి, అసిరమ్మ అందరినీ ఒకటే అడిగీది. "బాబూ, ఆకరు టేసన్లో ఆరేళ్ల గుంట కనబడిందేటి? పచ్చ పరికిణీ, రెండు పిలకలు, ఎడం సెవి మీద కాలిన మచ్చ?" నేదమ్మా అనీవోరు. బండెల్లిపోయీది.

ఎవులా గుంట అంటారేమో, సెప్తాను ఇనండి. అసిరమ్మకి పన్నెండేళ్లప్పుడు గాలివానొచ్చి ఇల్లు కూలిపోతే అమ్మా అయ్యా ఒక్కపాలే పోనారు. మిగిలింది అసిరమ్మ, దాని సెల్లి ముత్యాలు. ఇద్దరూ ఆకరు టేసన్లో బొగ్గుగనుల కాడున్న మేనమామని నమ్ముకుని బండెక్కారు. ఆ మేనమామ అప్పటికే ఆ ఊరొగ్గీసి ఎటో పోనాడు, ఆ సంగతి ఈళ్లకెలా తెలుస్తాది? ఆళ్లమ్మ బతికున్నప్పుడు, సంతకెల్లినా జాతరకెల్లినా ఇద్దరికీ ఒకటే మాట సెప్పీది. "తప్పిపోతే తిరక్కండర్రా. తప్పిపోయినకాడే కూకోండి. ఎతికినోలు ఒస్తారు." మంచి మాటే కదా? మీరూ మీ పిల్లలకి అదే సెప్తారు కదా? మరి ఏమైందంటే, మన టేసన్లో బండాగింది. ముత్యాలు "అప్పా, నీళ్లు" అంది. అసిరమ్మ ఇత్తడి సెంబు పట్టుకుని, "కదలకే, ఇక్కడే కూకో, నానొచ్చీసరికి ఇక్కడే ఉండాల" అని దిగింది. పంపుకాడ పదిమంది జనం. సెంబు నిండేసరికి బండి కదిలిపోనాది. పరిగెట్టింది. నీళ్లు ఒలికిపోతాయని సెంబుకి సెయ్యడ్డం పెట్టుకుని మరీ పరిగెట్టిందంట, పిచ్చి గుంట! సెంబిసిరీసి పరిగెడితే బండి తలుపు ఊస అందీదేమో. పన్నెండేళ్ల పిల్లకి ఆ బుద్ది ఎక్కడినుంచొస్తాది? కిటికీలో ముత్యాలు మొకం సిన్నదై సిన్నదై పోనాది.

టేసను మాస్టరు పాపం మంచోడే, ముందు టేసన్లకి తంతి కొట్టించాడు. జవాబు నేదు. "తరవాత బండి ఎక్కిస్తాను, ఎల్లి ఎతుక్కో అమ్మా" అన్నాడంట. ఎల్లనంది. "మాయమ్మ సెప్పింది బాబూ, తప్పిపోయినకాడే ఉండాలని. నానెల్లిపోయాక అది తిరుగు బండిలో దిగితే ఎవుల్ని సూసుకుంటాది?" అంది, కూకుంది. ఆ కూకున్నది కూకున్నది, యాబై ఏళ్లు కూకుంది. పెళ్లికి అడిగినోడుంటే, టేసను దాటి రానని పంపీసింది. తల ముగ్గుబుట్టయిపోనాది. సెల్లి ఉంటే దానికీ మనవలెత్తే వయసే. అయినా కిటికీకాడ అడిగీది మాత్రం ఆరేళ్ల గుంట గురించే. ఏ మొకం సూసి ఒగ్గీసిందో ఆ మొకమే కదా కళ్లలో ఉండీది.

ఇలాగుండగా, పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే సన్నాసమ్మ ఉంది సూడండి, గిన్నెల తట్టెత్తుకుని ఆ లైనంతా తిరిగీది. ఒకనాడు పాసింజరు లేటని పంపుకాడ కూలబడి, ఊసుపోక ఆ టేసనూ ఈ టేసనూ సెప్తన్నాది. ఒకకాడ వడలు బాగుంటాయంది, ఒకకాడ కోతులు తట్ట లాక్కుపోతాయంది. మాటల్లో మాటగా, "నానటేపెల్లి ఏడాదవుతాది గానీ, ఆకరు టేసన్లో ఒక పిచ్చి ముసిల్దుందే అసిరమ్మా, ప్లాటుఫారం తుడుస్తాది. మన బండొచ్చే వేళకి సీపురు పక్కనెట్టి ఒకటే బల్లమీద కూకుంటాది. మాటాడీదంతా ఆ ఊరి బాసే. బండిలోంచి ఆడమనిసి దిగితే మాత్రం దగ్గిరికొచ్చి, మన బాసలో 'అప్పా, నీళ్లు' అంటాది. ఆ రెండు మాటలే వచ్చు. దాహమేమోనని నానూ ఇచ్చాను. తాగదు. మొకంలోకి తేరిపార సూసి, మళ్లీ ఎల్లి కూకుంటాది" అంది.

అసిరమ్మ సేతిలో తేగ సేతిలోనే ఉండిపోనాది. "ఎడం సెవి మీద మచ్చుందేటే?" అంది. "ఉంది. నీకెలా తెలుసు?" "నాకెలా తెలుసా? యాబై ఏళ్లబట్టి అడుగుతున్నాను కదే! నిన్నూ అడిగాను కదే!" "నువ్వు గుంట గురించి అడిగావు గానీ, ముసిల్దాని గురించి ఎప్పుడడిగావే తల్లీ!" అని సన్నాసమ్మ నెత్తి కొట్టుకుంది.

మరునాడే బయలెల్లింది. ఆ ఇత్తడి సెంబే తోమి, పంపు నీళ్లు నింపి, మూతికి గుడ్డ కట్టింది. సన్నాసమ్మ తోడెల్లింది. అంతకాలం బయటినుంచి కిటికీల్లోకి సూసిన మనిసి, కిటికీలోంచి మన టేసన్ని సూడ్డం మళ్లీ అప్పుడే. "ఇంతేనేటే మన టేసను? రెప్పేసేలోపే అయిపోనాది" అందంట. దారంతా సెంబు ఒళ్లోంచి దించనేదు. మిట్టమద్దేనం ఆకరు టేసన్లో దిగారు. బల్ల కాళీగా ఉంది. టీ కొట్టు మనిసినడిగితే, ఆడు సెప్పింది సన్నాసమ్మ మన బాసలో సెప్పింది. ఆసాడంలో జొరమొచ్చిందంట. ఆస్పత్రికి ఎల్దాం రమ్మంటే, ఇక్కడే ఉండాల, నేకపోతే మా అప్ప నన్నెక్కడని ఎతుక్కుంటాది అందంట. మూడోనాడు బండొచ్చింది గానీ ముత్యాలు లేవనేదు.

బల్లమీద అది కూకున్న మేర సిమెంటు నున్నగా అరిగిపోయి ఉంది. అసిరమ్మ అక్కడ సెయ్యెట్టింది. గుడ్డిప్పి, సెంబొంచి, ఆ అరిగినకాడ నీళ్లు పోసింది. "నీళ్లు తెచ్చానే ముత్యాలూ. ఆలీసమైపోనాది, తిట్టకే" అంది. అప్పుడేడిసింది సూడండి, బండెక్కీ జనం బండెక్కడం మానీసి నిలబడిపోనారంట.

ఎవుల్దీ తప్పు, సెప్పండి? సెల్లి అప్ప మాటింది, అప్ప అమ్మ మాటింది. మాటినని గుంటలైతే ఎక్కడో ఒకకాడ ఎదురుపడీవోరే. మా ఇంట్లో పిల్లలకి నానైతే, ఒకలు కూకోండి, ఒకలు ఎతకండి అని సెప్తాను. ఇద్దరూ కూకుంటే మద్దిన బండొక్కటే తిరుగుతాది. సరే గానీ, నా గొంతెండిపోనాది. ఒలే గుంటా, కూసిన్ని నీళ్లట్టుకురావే. సెంబు నిండకపోయినా పర్నేదు, బేగి రా.