ఆగినచోట

సమావేశం ముగిసి గది ఖాళీ అయింది. పిల్లలకు చదవడం నేర్పే టీచర్ల కోర్సుకు ఒకప్పుడు నిబంధనలు రాసిన పెద్ద మేడమ్, ఇవాళ వాటిని మార్పించిన శిష్యురాలు మాత్రం మిగిలారు.

"పిల్లాడి పక్కన కూర్చుని వినడం ఎత్తేశావన్నమాట."

"వాడు చదివింది రికార్డు చేసి పంపితే చాలు మేడమ్. స్కూళ్ళు మన దగ్గర నేర్చుకునే టీచర్లని లోపలికి రానివ్వట్లేదు."

"ఓ మాట దగ్గర వాడు ఆగిపోతే?"

"తర్వాత విని మార్కులేస్తాం."

"తర్వాత వింటే వాడికేం ఒరిగింది? ఆగినప్పుడు పక్కన మనిషుండాలి."

"ఇందాక ఓటుకి చేతులెత్తినప్పుడు మీరొక్కరే కాదన్నారు. నాకూ బాధగానే ఉంది. ఇంటిదాకా దింపనా?"

"వద్దులే. వెళ్ళి పేపరు పైకి చదువుకుంటాను. ఆయనున్న రోజుల్లో, నేను ఆగితే 'ఊఁ' అనేవారు."

"మరిప్పుడు?"

"ఎక్కడా ఆగకుండా చదివేస్తాను."