గొర్రె గుండె

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో, గుండెనొప్పితో చేరిన బావ మంచం పక్కన గొర్రెలు కాసే బావమరిది వచ్చి కూర్చున్నాడు.

"నీకు నొప్పొస్తే ఊరంతా పండ్లు తెస్తాండారు బావా. నాకు పదేండ్లుగా షుగరుంటే ఎవుడన్నా నిమ్మకాయ తెచ్చినాడా?"

"కుళ్లుకోవాక. నువ్వూ గుండె పరీక్ష చేయించుకున్నావంట?"

"నీకు చేసిందల్లా నాకూ చేయమన్యా. గుట్టలెక్కి గొర్రెలు మేపుతాండా, ఏ నొప్పీ లేదు."

"డాక్టరు ఏమన్యాడు?"

"మూడు రక్తనాళాలు పూడినాయంట."

"నొప్పి లేకుండానా?"

"షుగరున్నోళ్లలో కొందరికి తెలియదంట. మేకను పట్టుకుంటేనే ఊరంతా ఇనపడేట్టు అరుస్తాది. గొర్రె గొంతు మీద కత్తి పెట్టినా నోరు మెదపదు. నీది మేక గుండె, నాది గొర్రె గుండె."

"ఇంకా ఆలస్యమైంటే గుట్ట మీదనే పడిపోతుంటివి. నా మీద కుళ్లే నిన్ను కాపాడింది బామ్మర్దీ."

"అదే నా కడుపుమంట బావా. దానికీ పేరు నీకే వచ్చె."