కుమ్మరింటికి వచ్చిన ఐరేండ్లు

"పెద్దమ్మా, పరీక్షలని పట్నంల ఉండి సుజాతక్క పెండ్లి చూడకపోతిని. ఐరేండ్లు ఎవరింటికెళ్లి తెచ్చిండ్రు?"

కూసో బిడ్డా. మొన్ననే గద పిల్లను తోలిచ్చింది.

మనకాడ పెండ్లంటే ముందుగాల ఐరేండ్లే. సుద్ద పూసి, ఎర్ర జాజుమట్టితోని గీతలు గీసిన కుండలు. ఆడోళ్లంత డప్పులతోని కుమ్మరింటికి రావాలె, బియ్యం పోసి, బొట్టు వెట్టి, కుండలు నెత్తికెత్తుకోవాలె. మెదక్‌ల ఎందరి పెండ్లిళ్లకో మా గడపకెళ్లే పోయినయి. మీ అమ్మ పెండ్లికి... కాదు, ఆమెవి అల్లాదుర్గ్‌ల అయినయి. మీ మేనత్త పెండ్లికి నేనిచ్చిన. గప్పుడు పైసలెక్కడియి, గిన్ని బియ్యం, ఓ రైక ముక్క.

మరి నా బిడ్డకు? మా ఇంటికెళ్లి మా ఇంటికే తెచ్చుకుంటమా? ఇంకో కుమ్మరింటికి పోవాలె. హవేలిఘనపూర్‌ల మా మరిది కుమ్మరి సారె తీసేసి ఆటో నడుపుతుండు. "తూప్రాన్‌ల రంగులేసినయి దొరుకుతయి వదినా, తెస్త" అన్నడు. మనసొప్పలే. అందరికి ఇచ్చిన చెయ్యి, నా బిడ్డకు దుకాణపు కుండలా?

మీ పెదనాయిన కుండలు చేసిండు, నేను సుద్ద పూసిన. కానీ డప్పు ఎవరింటికి పోవాలె? గదే పరేషాన్.

మీరు కుమ్మరోళ్లు గాకపోయినా, పక్కింటోళ్లని మీ అమ్మ వచ్చి కుండలన్ని మీ ఇంటికి మోసుకపోయింది. "రేపు మా ఇంటికి రండ్రి అక్కా. రేపటికి కుమ్మరోళ్లం మేమే" అన్నది.

పొద్దుగాల బియ్యం పట్టుకొని మీ గడపకాడికి పోయిన. మీ అమ్మ తలుపుకడ్డం నిలబడ్డది, నా తీర్గనే నడుము మీద చెయ్యేసి. "గీ జరంత బియ్యానికి గన్ని కుండలా? ఇయ్య, పోండ్రి" అన్నది. నేను అందరిని గట్లనే సతాయిస్తుంటి గద. ఆడోళ్లు ఒకటే నవ్వుడు.

"చీర వెడితే ఇస్తవా, కుమ్మరవ్వా?" అని అడిగిన. అడుగుకుంటనే కొంగుతోని కండ్లు తుడుసుకున్న. మీ అమ్మ కండ్లల్ల గూడ నీళ్లు. ఇంక బేరం సాగలే. కుండ తీసి నా నెత్తి మీద వెట్టింది.

గల్లీ అంత చూసింది.

మండపంల పెండ్లి పిలగాని తరపోళ్లు అడిగిండ్రు, "కుండలు మస్తున్నయి, ఎవరింటియి?" అని. నేను మీ అమ్మను చూపిచ్చిన.

నీ పెండ్లికి మా గడపకే రావాలె నువ్వు. జల్ది ఇయ్య, ముందే చెప్తున్న. సల్లగుండు బిడ్డా... గా చెంబు జర ఇటియ్యి.