దొరబాబు గారు గాల్లో ఆపిన విమానం

"ఏంటండీ దానం గారూ, పిల్లని ముస్తాబు చేసి పొద్దున్నే బయల్దేరేరు? రాజమండ్రా? ఓహో, విమానాల ఉద్యోగానికి ఇంటర్వ్యూనా! ఏ పనంట? గ్రౌండ్ స్టాఫా? అంటే నేల మీద ఉండే పనన్నమాట. నేల మీద ఉండడానికి విమానాశ్రయం దాకా ఎందుకండీ, అల్లవరంలో మా రొయ్యల చెరువు గట్టు లేదూ?"

అమలాపురం బస్టాండు ఎదుట టీ కొట్టులో బెంచీ మొత్తం తానే ఆక్రమించి కూర్చున్న దొరబాబు గారు అలా మొదలెట్టేరు. దానం గారు బళ్ళో మాస్టారు. మెతక మనిషి, ఎవరేం చెప్పినా నమ్మేస్తారు. కూతురు కరుణ కోర్సు చేసి, పరీక్ష నెగ్గి, చివరి ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఇప్పుడొచ్చే బస్సు తప్పితే ఆ ఇంటర్వ్యూ అందదు.

"కూర్చోండి, బస్సు రానీండి. ఈ లైన్లోకి ఎలా దిగాలో నన్నడగండి, నేను దిగినోణ్ణి. కోర్సులూ లేవు, గీర్సులూ లేవు. నిరుడు మా బావమరిది కూతురు పెళ్ళికని హైదరాబాదు బయల్దేరేనా, రాజమండ్రిలో విమానం ఎక్కబోతుంటే ఫ్యాను తిరగట్లేదు. ఇంజనీర్లంతా టైలు కట్టుకుని పుస్తకాలు తిరగేస్తున్నారు. ఛీ, అవేం చదువులండీ! మా చెరువులో రొయ్యలకి గాలి కొట్టే ఫ్యాను రోజూ మొరాయిస్తుంది, నేను పుస్తకం చూస్తానా? తప్పుకోండి బాబూ అని, రెక్కకి చెవి ఆనించి విన్నాను. కొబ్బరి తాడు ఓ చుట్టు చుట్టి లాగేను. బుర్రుమంది!"

"తాడు లాగితే విమానం కదులుతుందాండీ?" అంది కరుణ.

"కదలకేం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైలట్ కిందకి దిగొచ్చి, తమరు పక్కన లేందే నేను నడపనండి అని నా చెయ్యి పట్టుకున్నాడు. పిరికి సన్నాసి. సర్లే అని ముందు సీట్లో కూర్చుని, పన్లో పని మా చెరువు చూసుకుందామని ఇటు తిప్పేను. ఐనవిల్లి మీదకొచ్చేసరికి ఎదురుగా ఇంకో విమానం! హారన్ కొట్టి, 'మీరెళ్ళండి' అన్నాను. అతగాడూ మనవాడే, రామచంద్రపురం. 'అబ్బే, పెద్దవారు, తమరెళ్ళండి' అన్నాడు. 'ముందొచ్చింది మీరు కదండీ' అని నేను. మర్యాద మర్యాదే కదా! రెండు విమానాలూ గాల్లో అలాగే నిలబడిపోయేయి."

"నిలబడిపోయేయా?" దానం గారు గ్లాసు కింద పెట్టేసేరు.

"హ్యాండ్ బ్రేకు వేసేనండి! అద్దం దించి ఎవరి తాలూకని అడిగితే, మా పెద్దమ్మ గారి వియ్యంకుల వైపని తేలింది. ఇంక ఊరుకుంటానా? క్యారేజీ పట్టుకుని మా రెక్క మీంచి వాళ్ళ రెక్క మీదకి నడిచెళ్ళేను. అక్కడే ఆకులేసి రెండు విమానాల వాళ్ళకీ భోజనాలు పెట్టించేను. మా నీడకి కింద ఐనవిల్లిలో పొద్దుగూకిందనుకుని దీపాలు పెట్టేసేరు! రేడియోలో టవరోళ్ళది ఒకటే గోల. 'ఆయ్, పెరుగులో ఉన్నామండి, వచ్చేత్తన్నాం' అన్నాను. అప్పట్నుంచి దేశంలో పైలట్లందరూ ఆయ్ అనే అంటున్నారు."

"అలాగా!" అన్నారు దానం గారు.

"మరే! కంపెనీ ఓనరు నా కాళ్ళ మీద పడ్డాడు, పైలట్లందరి మీదా పెద్దగా ఉండమని. మా రొయ్యలకి మేత ఎవడేస్తాడని నేనే పొమ్మన్నాను. మొదలెడితే అలా మొదలెట్టాలండీ! మీ పిల్లేమో బ్యాగులకి స్టిక్కర్లు అంటిస్తానంటుంది. సిగ్గుగా లేదూ? ఇంటికి తీసుకుపొండి. నేనొక్క ఫోను కొడితే పై వారం సరాసరి పైలట్ సీట్లో కూర్చోబెడతారు."

రాజమండ్రి బస్సు వచ్చి ఆగింది. దానం గారు లేవలేదు.

"అంత పెద్దాయన చెప్తున్నారు కదమ్మా, ఇవాళ్టికి ఆగుదామా?" అన్నారు గొంతు తగ్గించి.

కరుణకి ఒళ్ళు మండిపోయింది. "నాన్నా, ఇన్నాళ్ళూ చదివింది నేను. మీరు ఆయన్ని నమ్ముతారా, నన్ను నమ్ముతారా?" అంది. చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

అప్పటిదాకా మూల కూర్చుని నవ్వాపుకుంటున్న మోషే, టాక్సీ నడిపే మనిషి, ఇక ఆగలేకపోయేడు.

"దానం గారూ, ఆ రోజు ఈయన్ని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళింది నేనేనండి. విమానం మెట్లెక్కి కిందకి చూసేసరికి ఈయనకి కాళ్ళాడలేదంట. రెయిలింగు పట్టుకుని, నేను రాను బాబోయ్ అని ఒకటే ఏడుపంట. వాళ్ళావిడ వెంకటదుర్గ గారు ఒక్కరే పెళ్ళికెళ్ళేరు. ఈయన్ని గ్రౌండ్ స్టాఫ్ అమ్మాయి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, నా కారు దాకా తోసుకొచ్చింది. ఇదంతా ఆ పిల్లే చెప్పిందండి నాకు."

కొట్టంతా గొల్లుమంది.

"ఆ రోజు నాకు షుగరు పడిపోయిందిలే," అని దొరబాబు గారు గ్లాసులోకి చూస్తూ గొణిగేరు.

దానం గారు కూతురి బ్యాగు భుజానికి తగిలించుకుని బస్సు వైపు పరుగందుకున్నారు. కరుణ రెండడుగులేసి వెనక్కి తిరిగింది.

"ఆయ్, దొరబాబు గారూ," అంది ఎంతో మర్యాదగా, "ఈసారి విమానం ఎక్కేటప్పుడు నాకో ఫోను కొట్టండి. కుర్చీ పట్టుకుని మెట్ల దగ్గరే ఉంటానండి."